చరిత్రకు గ్రహములు కర్తలా?

పూర్వము జ్యోతిష్కుడు మన యింటి యరుగుమీద కూర్చుండి, పిల్లవాని జాతకచక్రమును చూచి, వివాహమెప్పుడగును, ఉద్యోగమెప్పుడు దొరకును అని చెప్పి, తాంబూలము పుచ్చుకొని పోయెడివాడు. ఇప్పుడతడు అరుగు దిగి సభావేదిక నెక్కినాడు. వ్యక్తుల జాతకములతో అతనికి తృప్తి తీరలేదు. జాతుల జాతకములను, యుగముల జాతకములను చెప్పుచున్నాడు. యువజనులు పెద్దల మాటను మన్నింపకపోవుటకు శనిసంచారము, కవులు ఛందస్సును త్రోసిపుచ్చుటకు రాహువు, మతావేశము పెచ్చు పెరుగుటకు గురుడు, స్త్రీలు చదువులలో ముందంజ వేయుటకు శుక్రుడు హేతువులని ఉపన్యసించుచున్నాడు. వినువారిలో పట్టభద్రులు కలరు, వైద్యులు కలరు, మావంటి న్యాయవాదులును కలరు. అందరును తలలూపి, చప్పట్లు చరచి, యిండ్లకు పోవుచున్నారు. మరునాటి ఉదయమున పఠనమందిరములలో ఆ మాటయే చర్చకు వచ్చుచున్నది. ఈ చప్పట్లను గూర్చియే మేము వ్రాయవలసివచ్చినది.

మొదటనే యొక మాట చెప్పుకొందుము. పంచాంగముతో మాకు వైరము లేదు. తిథివారనక్షత్రములను లెక్కించి, గ్రహణకాలమును ముందుగా చెప్పగలిగిన గణితము మన పూర్వుల బుద్ధివైభవమునకు సాక్ష్యము. దానికి నమస్కరింతుము. జ్యోతిషమును మనవారు మూడు స్కంధములుగా విభజించిరి. గ్రహగతులను గణించునది సిద్ధాంతము. వ్యక్తులకు ఫలము చెప్పునది హోర. రాజులకు, దేశములకు, వానలకు, పంటలకు, ధరలకు ఫలము చెప్పునది సంహిత. వీనిలో మొదటిది శాస్త్రము. రెండవదానిని నమ్మువాడు తన సొమ్మును తాను పోగొట్టుకొనును. అది యతని యింటి సంగతి. మూడవది అట్టిది కాదు. ఒక జాతి తన సుఖదుఃఖములకు కారణమును ఏ దిక్కున వెదుకవలెనో ఆ దిక్కునే అది మరపించుచున్నది. కావున మా వాదము మూడవదానితోనే.

ప్రతివాది బలమును తక్కువచేసి చూపుట మంచి న్యాయవాది లక్షణము కాదు. ఈ మతము పామరుల సృష్టి కాదని యొప్పుకొనవలెను. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో భారతదేశమును కూర్మాకారమున తొమ్మిది భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు మూడేసి నక్షత్రముల నిచ్చి, ఏ గ్రహము ఏ దేశమునకు, ఏ వృత్తివారికి, ఏ వస్తువులకు అధిపతియో పట్టికలు వ్రాసెను. 9వ శతాబ్దమున బాగ్దాదులో అబూ మాషర్ అను పండితుడు ఇంకను గొప్ప కట్టడమును కట్టెను. గురుడు సుమారు 12 ఏండ్లకును, శని 29 ఏండ్ల పైచిలుకునకును ఆకాశమును చుట్టివత్తురు గనుక, ఇద్దరును ఇంచుమించు 20 ఏండ్ల కొకసారి కలియుదురు. ఆ కలయికలు అగ్ని, భూ, వాయు, జలరాసులలో ఒక్కొక్క తెగయందు సుమారు 240 ఏండ్లు జరిగి మరియొక తెగకు మారును; 960 ఏండ్లకు చక్రము పూర్తియగును. చిన్న కలయిక రాజును మార్చును, తెగమారు కలయిక రాజవంశమును మార్చును, పెద్ద చక్రము మతములనే పుట్టించునని ఆ పండితుని మతము. ఐరోపా విద్వాంసులు దీనిని శతాబ్దములపాటు శిరసావహించిరి. గణితభాగము స్థూలముగా సత్యమే. ఫలభాగమునకే సాక్ష్యము కావలసియున్నది.

సాక్ష్యమును చూతము. 1499లో జర్మనీదేశపు గణకుడు స్టోఫ్లరు తన పంచాంగమును ప్రకటించుచు, 1524 ఫిబ్రవరిలో గ్రహములన్నియు జలరాసియైన మీనమున గుమిగూడుననియు, అంతటి మార్పు లోకము ఎన్నడును వినియుండదనియు సూచించెను. తరువాత నూటికి పైగా పుస్తకములు ఈ విషయముననే వెలువడెను. జలప్రళయము వచ్చునని కొందరు, రాదని కొందరు వాదించుకొనిరి. మెరకప్రదేశములకు పరుగులిడినవారును, పడవలు కట్టించుకొనినవారును కలరని చెప్పుదురు. ఫిబ్రవరి వచ్చినది, పోయినది; ప్రళయము రాలేదు. ఇక జ్యోతిషము తలవంచుకొనెనా? లేదు. ఆ సంవత్సరముననే జర్మను రైతులు తమ ప్రభువులపై తిరుగబడిరి. 1525లో వేలకొలది వధింపబడిరి. ‘మేము చెప్పిన వెల్లువ యిదియే’ అనిరి జ్యోతిష్కులు. వెట్టిచాకిరికి, పన్నులకు, పచ్చికబయళ్ల యపహరణమునకు తిరుగబడిన రైతు రక్తము మీనరాసి నీటిలో కలిసిపోయినది. ఈ యెత్తును మాత్రము చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ఏలయన, ఇది మరల మరల వచ్చును.

మనదేశమునకే 1962లో వచ్చినది. ఆ ఫిబ్రవరి 3వ తేదీ మొదలు 5వ తేదీ వరకు రవి, చంద్ర, కుజ, బుధ, గురు, శుక్ర, శనులు కేతువుతో కూడి మకరమున నిలిచిరి. సూర్యగ్రహణమును తోడైనది. అష్టగ్రహకూటమి యను నామము విని దేశము గడగడలాడెను. యజ్ఞములు, హోమములు, అఖండభజనలు జరిగెను. ప్రయాణములు మానుకొనినవారును, శుభకార్యములు వాయిదా వేసికొనినవారును పెక్కండ్రు. నేతి డబ్బాలు అగ్నిహోత్రుని పాలయ్యెను గాని, భూమి కంపింపలేదు, సముద్రము పొంగలేదు. 6వ తేదీని సూర్యుడు ఎప్పటివలెనే ఉదయించెను. ఎనిమిదిన్నర నెలల తరువాత, అక్టోబరు 20న, చీనాసేనలు మన సరిహద్దును దాటెను. వెంటనే జ్యోతిష్కులు లేచి, ‘చూచితిరా, కూటమి ఫలము!’ అనిరి. ఫిబ్రవరిలో వారు చెప్పినది లోకప్రళయము. అక్టోబరులో జరిగినది హిమాలయపు సరిహద్దుయుద్ధము. మైకమహను రేఖ చరిత్ర, లడకులో చీనావారు వేసిన బాట, చలిబట్టలైనను లేక మంచులో నిలిచిన మన సిపాయిల దుస్థితి, ఢిల్లీలో జరిగిన పొరపాట్లు, వీనినన్నింటిని విచారింపవలసిన ప్రజ మకరరాసివైపు చూచి నిట్టూర్చిన యెడల లాభమెవరికి? విచారణకు వెరచువారికే.

ఇందులో ఇంకొక వినోదము కలదు. మన జ్యోతిష్కులకు మకరములో నున్న ఆ గ్రహసమూహము, పాశ్చాత్య జ్యోతిష్కులకు కుంభములో నుండెను. మనవారు ప్రళయమనుచుండగా వారిలో కొందరు కుంభయుగోదయమని, ప్రపంచమున సోదరభావము పుట్టుచున్నదని పండుగ చేసికొనిరి. కారణము సుబోధము. మనవారు నక్షత్రములను పట్టుకొని రాసులను లెక్కింతురు, అది నిరయనము. వారు విషువత్తును పట్టుకొని లెక్కింతురు, అది సాయనము. ఈ రెండు లెక్కలకును నేడు సుమారు 24 భాగల అంతరము కలదు. 2020లోను ఇదియే నడచినది. ఆ సంవత్సరము డిసెంబరు 21న గురుశనులు ఆకాశమున ఒకరినొకరు తాకినట్లు కనబడిరి. కంటికి ఆ దృశ్యము అద్భుతమే. పాశ్చాత్యులు వాయుతత్త్వపు కుంభయుగ మారంభమైనదనిరి. మనవారికది భూతత్త్వపు మకరము. ఆకాశము ఒక్కటే, గ్రహములు అవియే, రాసులు వేరు, తత్త్వములు వేరు. అయినను ఇరువురి ఫలములును ‘సరిపోయినవి’! ఒకే దస్తావేజును ఇద్దరు సాక్షులు పరస్పరవిరుద్ధముగా చదివి, ఇద్దరును నిజమే చెప్పితిమని ప్రమాణము చేసిన యెడల మా వృత్తిలో ఆ దస్తావేజునకు ఏ గతి పట్టునో చెప్పనక్కరలేదు.

ఇక మన ఉగాది పంచాంగశ్రవణమునకు వత్తము. నవనాయకులలో ఎవడు రాజు, ఎవడు మంత్రి యని ఆసక్తితో విందుము. ఈ రాజపదవి గ్రహమునకు ఎట్లు లభించును? ఆ గ్రహము ఉచ్చలో నుండుటవలన కాదు, బలముగా నుండుటవలన కాదు. చైత్రశుద్ధ పాడ్యమి ఏ వారమున పడునో ఆ వారాధిపతియే రాజు; మేషసంక్రమణము ఏ వారమున జరుగునో ఆ వారాధిపతి మంత్రి. బుధవారము పాడ్యమి వచ్చిన బుధుడు రాజు, శనివారము వచ్చిన శని రాజు. ఆకాశమున ఆ గ్రహమెక్కడ నున్నను, ఉదయించినను, అస్తమించినను సంబంధము లేదు. వారముల వరుసయైనను ఆకాశమున వ్రాసిపెట్టినది కాదు. శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్రులు అను క్రమమున గంటకొక్కని అధిపతిగా పెట్టి లెక్కించిన యెడల, 24 గంటలు గడచి 25వ గంటకు ఎవడు వచ్చునో వాడు మరునాటి దొర. శని తరువాత రవి, రవి తరువాత చంద్రుడు వచ్చుట ఇందువలననే. ఇది చదరంగపు నియమమువంటి నియమము. దీనినిబట్టి దేశమున ధరలు పెరుగునని, కళలు వర్ధిల్లునని చెప్పుట, చీట్లాటలో వచ్చిన రాజును చూచి రాజ్యమునకు పట్టము కట్టుటవంటిది.

2020 మార్చి 25వ తేదీ శార్వరినామ సంవత్సరాది. బుధవారము గనుక బుధుడు రాజు. మేషసంక్రమణము సోమవారము గనుక చంద్రుడు మంత్రి. సౌమ్యులిద్దరు! సరిగా ఆ యుగాదినాడే దేశమంతయు తలుపులు మూసికొని కూర్చుండెను. ముందటి యర్ధరాత్రమునుండి మహామారికి వెరచి రైళ్లు, బళ్లు, బడులు, గుళ్లు అన్నియు నిలిచిపోయినవి. 2019లో వికారినామ సంవత్సరాదిని పంచాంగము విని, రాబోవు ఉగాదికి ఇల్లు కదలుట యుండదని తెలిసికొని వచ్చిన శ్రోతను మేమింతవరకు ఒక్కనిని చూడలేదు. చూపించినవారికి ఈ పత్రిక యావజ్జీవము ఉచితముగా పంపగలము.

అయినను అరువదేండ్ల చక్రమును మేము తేలికగా త్రోసిపుచ్చము. దాని మూలమున అందమైన గణితము కలదు. గురుడు అయిదు ప్రదక్షిణములు చేయుటకును, శని రెండు ప్రదక్షిణములు చేయుటకును అరువదేండ్లకు కొంచెము తక్కువ పట్టును. కావున అరువదేండ్లకు ఈ రెండు మహాగ్రహములును ఇంచుమించు తొంటిచోటునకే వచ్చును. గ్రహములే సంస్కృతికి కర్తలైనచో ఒకే పేరుగల సంవత్సరములలో ఒకే ఫలము, లేదా దానికి చుట్టమైన ఫలము, కనబడవలెను గదా! నర్మదకు ఉత్తరమున ఇవే పేర్లను వేరొక లెక్కతో పిలుతురు గనుక, మనకు శార్వరియైనది వారికి మరియొకటి. ఆ చిక్కును ప్రస్తుతము విడిచిపెట్టుదము. మన తెలుగుదేశపు లెక్కతోనే మన చరిత్రలో పరీక్షింతము.

నందననామ సంవత్సరమును తీసికొందము. పేరునకు ఆనందమిచ్చునదని యర్థము. 1832లో వచ్చిన నందనలో గుంటూరు మండలమున వానలు తప్పినవి. ప్రక్కనే కృష్ణ పారుచుండెను. ఆ నీటిని పొలమునకు ఎక్కించు ఆనకట్ట లేదు. కుంపిణీ దొరతనమునకు శిస్తు వసూలునందున్న శ్రద్ధ కాలువలయందు లేదు. అయిదు లక్షల జనములో సుమారు లక్షన్నర మంది నశించిరని లెక్కలు చెప్పుచున్నవి. జనులు దానిని నందనకరవనిరి, డొక్కలకరవనిరి. మరుసటి సంవత్సరము పేరు విజయ. ఆ విజయలో గుంటూరి వీధులు శవములతో నిండెను.

అరువదేండ్లు గడచి 1892లో మరల నందన వచ్చినది. ఆ యేడు విజయనగరమున జగన్నాథవిలాసినీ సభవారు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును మొదటిసారి ప్రదర్శించిరి. తెలుగు వాఙ్మయము తన యింటి పాపమును తానే చూచి నవ్వి, సిగ్గుపడిన దినమది. మరియొక అరువదేండ్లకు 1952లో నందన వచ్చినది. ఆ యేడు అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు మదరాసులో నిరశనవ్రతము పట్టి, 58 దినములు పిమ్మట డిసెంబరు 15న ప్రాణములు విడిచిరి. నాలుగు దినములలో ఆంధ్రరాష్ట్రమును ప్రకటింపక ప్రభుత్వమునకు తప్పినది కాదు. 1953 అక్టోబరు 1న, అనగా విజయనామ సంవత్సరమున, ఆ రాష్ట్ర మవతరించినది.

ఇక జ్యోతిష్కుడు 1953ను చూపి, ‘విజయ! పేరునకు తగిన ఫలము!’ అనును. 1833లో ఆ పేరు ఏ ఫలమిచ్చినదని యడిగిన యెడల, అప్పటి కుజస్థితి వేరు, రాహుస్థితి వేరు, దశ వేరు, దృష్టి వేరు అనును. తొమ్మిది గ్రహములు, పండ్రెండు రాసులు, ఇరువదియేడు నక్షత్రములు. వక్రములు, అస్తమయములు, యుద్ధములు, దృష్టులు. ఇన్ని చేతిలోనుండగా ఏ యేటికి ఏ ఫలము చెప్పలేడు? కావలసినది ఒక్కటే: ఫలము ముందుగా జరిగియుండవలెను.

1832నకును 1892నకును నడుమ తెలుగునేలమీద మారినదేదియో వెదకుడు. గురుడు కాదు, శని కాదు. వారు తొంటిచోటికే వచ్చిరి. ధవళేశ్వరము వద్ద గోదావరికి 1852లో ఆనకట్ట పూర్తియైనది. బెజవాడ వద్ద కృష్ణకు 1855లో పూర్తియైనది. కరవుసీమ ధాన్యాగారమైనది. కడుపు నిండినచోట బడి వెలసినది, అచ్చుకూటము వెలసినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించిరి. వెలివేయుదుమన్నవారి బెదరింపులు, రాళ్లు, తిట్లు అన్నియు సహించిరి. విశాఖమండలమున జరుగు శుల్కవివాహముల లెక్కను విజయనగర మహారాజు తీయించెను. మూడేండ్లలో 1034 వివాహములు తేలినవి. ఆ లెక్కను గురజాడ తన నాటకపు పీఠికలో 1897లో ప్రకటించెను. వధువులలో అయిదేండ్ల పిల్లలు కలరు, మూడేండ్ల పిల్లలు కలరు, ఏడాది పసికందులును కలరు. ఆ నాటకము ఈ లెక్కలోనుండి పుట్టినది. ఒక చిన్న ప్రశ్న అడిగెదము. ఆ 1034 వివాహములలో ముహూర్తము పెట్టకుండ జరిగినవెన్ని? ఏడాదిపిల్లను ముసలివాని కిచ్చుటకు లగ్నము చూచినపుడు, ఇది తగదని ఏ గ్రహమైనను పలికినదా?

పాశ్చాత్య జ్యోతిష్కులకు 1892 మిక్కిలి ముచ్చటైన సంవత్సరము. సుమారు 492 ఏండ్ల కొకసారి కలియు నెప్ట్యూను, ప్లూటోలు 1891-92లో కలిసినవట. నూతనయుగ సంస్కృతి యంతయు అందుండియే పుట్టినదట. మన వక్త యెవరైన ఈ మాట విన్న యెడల కన్యాశుల్కమును ప్లూటో ఖాతాలో వ్రాయుటకు జంకడు. ఈ క్రొత్త గ్రహముల కథ తెలిసికొనదగినది. యురేనసు 1781లోను, నెప్ట్యూను 1846లోను, ప్లూటో 1930లోను కనుగొనబడినవి. అప్పటి వరకు ఏ ఋషియు, ఏ యవనాచార్యుడును వీని ఫలములను చెప్పియుండలేదు. యురేనసు దొరకిన కాలము అమెరికా స్వాతంత్ర్యయుద్ధము నడచుచుండిన కాలము, ఫ్రెంచి విప్లవమునకు కొంచెము ముందటి కాలము గనుక, దానికి విప్లవకారకత్వమిచ్చిరి. తరువాత ఎక్కడ విప్లవము వచ్చినను, ‘అదిగో యురేనసు’ అనుచున్నారు. చరిత్రనుండి అర్థమును అప్పుతెచ్చి, గ్రహమునకు పూసి, ఆ గ్రహమునుండి చరిత్రకు అర్థము చెప్పుచున్నారు. సాక్షికి జవాబు నేర్పి బోనెక్కించుటకును దీనికిని భేదమేమి? పాపము, ప్లూటోను 2006లో ఖగోళశాస్త్రజ్ఞులు గ్రహపదవినుండి తొలగించిరి. దాని ఫలము మాత్రము తగ్గినట్లు ఏ జ్యోతిష్కుడును ప్రకటింపలేదు. అల్లుడు పదియవ గ్రహమను మనవారి సామెతలో ఇంతకంటె పరిశీలన కలదు.

ఇంతవరకు నవ్వులాటగా తోచవచ్చును. ధాత కరవును తలచినపుడు నవ్వు రాదు. 1876 ధాతనామ సంవత్సరము. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములలో ఆకాశము ఇనుమైపోయినది. పసిఫిక్ సముద్రజలములు వేడెక్కి ఋతుపవనములు చెడినవని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఆ భాగము ప్రకృతి చేసినది. తక్కినది మనుష్యులు చేసిరి. దేశమున అన్నము లేక జనులు చచ్చుచుండగా రేవులనుండి ధాన్యపుటెగుమతి నిలువలేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టను ప్రభువు దర్బారు తీర్చి విక్టోరియారాణికి చక్రవర్తిని బిరుదమిచ్చి విందులు చేయించెను. రిచర్డు టెంపులు దొర మదరాసునకు వచ్చి, రాళ్లు కొట్టు మగకూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని తగ్గించెను. ఒక పౌను మన 450 గ్రాములు. బ్రిటిషు పాలనలోని మండలములలోనే యాబది లక్షలకు మించి మరణించిరి. మన తాతలు ఆ కరవునకు దర్బారు పేరు పెట్టలేదు, టెంపులు పేరు పెట్టలేదు. సంవత్సరము పేరు పెట్టిరి. వారి గుర్తుకొరకు పెట్టిరి, తప్పులేదు. కాని సంవత్సరఫలమని నమ్మినవాడు లిట్టనును ఏమని నిలదీయును? ధాత మరల 1936లో వచ్చినది. ఆ యేటి చివరి భాగమున మదరాసు రాష్ట్రపు ఎన్నికలలో కాంగ్రెసు ఘనవిజయము పొందినది. 1996లోను ధాత వచ్చినది. నవంబరు 6న కోనసీమను పెనుతుపాను కొట్టినది. కరవు, ఎన్నిక, తుపాను ఒక్క పేరుక్రింద కూర్చుండియున్నవి. దొర తప్పును శనిమీదను, త్యాగి కీర్తిని గురునిమీదను వేయు ఈ విద్య పాలకులకు ఎప్పుడును ప్రియమైనదే.

‘చంద్రుడు సముద్రమును కదలించుచుండగా, గ్రహములు మనస్సును కదలింపలేవా?’ అని కొందరు చదువుకొన్నవారే యడుగుచున్నారు. పోటుపాటులు కాకినాడ రేవున ఏ గంటకు వచ్చునో ముందుగా పట్టిక అచ్చువేయుదురు, పల్లెకారు దానిని చూచి పడవ కట్టుదురు, తప్పిన తెలిసిపోవును. సంస్కృతికి అట్టి పట్టిక ఏదీ? ఫలానా మాసమున ఫలానా తీరు కవిత్వము పుట్టునని ముందుగా అచ్చువేసి, తప్పినపుడు ఒప్పుకొనిన సంహితాకారుని చూపుడు.

వ్యక్తిజాతకమునకైన పరీక్ష జరిగినది. ఖగోళశాస్త్రజ్ఞుడు జయంత నార్లికరుగారు 2008లో మహారాష్ట్రమున, మూఢాచారములతో పోరాడిన నరేంద్ర దభోల్కరుగారి సహచరుల సాయముతో, చురుకైన విద్యార్థులు నూరుమంది, మానసికవైకల్యముగల బాలురు నూరుమంది జాతకములను కూర్చిరి. 27 మంది జ్యోతిష్కులకు తలకు 40 చొప్పున ఇచ్చి, ఎవరు ఏ తెగవారో చెప్పుడనిరి. నూటికి 46 సరిపోయినవి. బొమ్మాబొరుసు వేసినవాడు ఇంతకంటె నాలుగు ఎక్కువ చెప్పును. ఒక బాలుని సంగతియే తెలియని విద్యకు కోట్లజనుల వాఙ్మయము, మతము, రాజ్యతంత్రము తెలియునా? దభోల్కరుగారిని 2013 ఆగస్టు 20న పూనాలో కాల్చిచంపిరి. ఆ గుండుకును గ్రహచారమే కారణమని ఎవరైన చెప్పుదురేమో!

ఈ విద్యకు ప్రజాధనము తోడగుటయే మా హృదయమునకు తీరని బాధ. 2001లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషనువారు విశ్వవిద్యాలయములలో జ్యోతిర్విజ్ఞానమను పేర శాఖలు నెలకొల్పుటకు పూనుకొనిరి. హైదరాబాదులో కణజీవశాస్త్ర పరిశోధనాలయమును స్థాపించిన పుష్పమిత్ర భార్గవగారు ప్రభృతులు ఆంధ్రప్రదేశ్ హైకోర్టున వ్యాజ్యము వేసిరి. అది కొట్టివేయబడెను, 2004లో సుప్రీముకోర్టును అప్పీలును త్రోసిపుచ్చెను. తీర్పును మేము గౌరవింతుము. కాని దానిని సరిగా చదువవలెను. విద్యావిషయములలో నిపుణుల సంఘము చేసిన నిర్ణయమునకు తాము అడ్డురామని న్యాయమూర్తుల యభిప్రాయము. జ్యోతిషము శాస్త్రమని న్యాయస్థానము నిరూపించినట్లు వేదికలమీద చాటుట తీర్పునకు అన్యాయము చేయుటయే. ఇక రాజ్యాంగమున 1976లో చేరిన 51-ఎ అధికరణము శాస్త్రీయదృష్టిని, విచారణబుద్ధిని పెంపొందించుట ప్రతి పౌరుని విధి యనుచున్నది. న్యాయమూర్తులు జోక్యము చేసికొననిచోట ఆ విధి తీరిపోదు, మనమీదనే మిగిలియున్నది.

‘ఇది మన ప్రాచీనసంపద, జాతీయపత్రిక దీనిని నిందింపవచ్చునా?’ యని మిత్రులే ఉత్తరములు వ్రాయుచున్నారు. మిత్రులారా, సంపదలో మన సొంతమేది, అరువు సొమ్మేది అని చూడవలదా? వేదాంగజ్యోతిషమున మేషాదిరాసులు లేవు, వారములు లేవు. హోర, కేంద్రము, పణఫరము, ఆపోక్లిమము అను మాటలు యవనభాషనుండి వచ్చినవి. మేషమును క్రియమనియు, వృషభమును తావురియనియు వరాహమిహిరుడే యవనుల పేర్లతో వ్యవహరించెను; మ్లేచ్ఛులైనను ఈ విద్య నెరిగినందున యవనులు పూజ్యులని దాచక చెప్పెను. పరదేశపు విద్యను గ్రహించుట తప్పు కాదు. అరువుతెచ్చిన నగను కులదైవపు నగయని ఊరేగించుటయే తప్పు. మన సొంతమేదియో తెలియవలెనన్న ఆర్యభటుని తలంపుడు. 499లో ఆయన గ్రహణము భూచ్ఛాయవలనను, చంద్రచ్ఛాయవలనను కలుగునని చెప్పెను. వరాహమిహిరుడును అదే సంహితలో రాహువు మ్రింగుటను కాదని ఛాయనే చెప్పెను. అనగా రాహువు ఆకాశమున ఒక బిందువు మాత్రమే. ఆ బిందువు మన కవుల ఛందస్సును చెడగొట్టుచున్నదట!

సంపదను నిజముగా పెంచినవారును మనలో కలరు. విశాఖపట్టణమున 1840 ప్రాంతమున గోడె వెంకట జగ్గారావుగారు తన ద్రవ్యముతో వేధశాల నిర్మించిరి. హైదరాబాదులో 1901లో నవాబు జఫర్ జంగు స్థాపించిన నిజామియా వేధశాల బేగంపేటకు చేరి, లోకమంతటి వేధశాలలతో కలిసి నక్షత్రపటమును తయారుచేయుటలో లక్షలకొలది నక్షత్రముల స్థానములను కొలిచినది. రాత్రుల తరబడి గాజుపలకలమీద చుక్కలను లెక్కించినవారి పేర్లు ఏ యుగాది సభలోనైన వినబడునా? మేఘనాథ్ సాహాగారి అధ్యక్షతను 1952లో ఏర్పడిన పంచాంగసంస్కరణ సంఘము, మన ఉత్తరాయణ మకరసంక్రాంతి నిజమైన ఉత్తరాయణమునకు 23 దినములు వెనుకబడినదని తేల్చిచెప్పినది. డిసెంబరు 22న మరలిన సూర్యునికి మనము జనవరి 14న స్వాగతమిచ్చుచున్నాము. సూర్యుడు ఎటు తిరిగినాడో సరిచూచుకొనుటకు తీరికలేనివారు శని మన సంస్కృతిని ఎటు త్రిప్పుచున్నాడో చెప్పుచున్నారు.

పఠనమందిరముల కార్యదర్శులకు మాదొక విజ్ఞప్తి. రాబోవు ఉగాదిని పంచాంగశ్రవణము మానిపింపవలదు, జరుగనిండు. ఒక గట్టి అట్ట పుస్తకము కొనుడు. వక్త దేశమునకు, కళలకు, వానలకు, ధరలకు, యువజనుల నడతకు చెప్పిన ప్రతిఫలమును ఆయన మాటలతోనే వ్రాసికొని, ఏ మాసమున జరుగునో అడిగి ఎదుట వేసి, ఆయనచేత సంతకము చేయించుడు. ఇద్దరు సభ్యులు సాక్షులుగా వ్రాలు చేయవలెను. మరుసటి యుగాదిని క్రొత్త పంచాంగము విప్పుటకు ముందు, పాత పుటను సభలో చదివి, జరిగినదానికెదుట జరిగినదనియు, జరుగనిదానికెదుట జరుగలేదనియు వ్రాయుడు. అటుపిమ్మట ఆ పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేయక, పత్రికలుండు బల్లమీద అందరకు అందునట్లు ఉంచుడు.